సన్నముక్కు ఉల్లంకి

సివ్లిమాన్
15 జనవరి 1996

నెవెనా వదినకు,

నిన్న ఆదివారంతో ఈ ఏటి లెక్కింపు ముగిసింది. ఫారాలన్నీ ఈ కవరులోనే ఉన్నాయి. తెల్లనుదురు పెద్దబాతులు పదకొండు వేల నాలుగు వందల అరవై, ఎర్రమెడవి రెండు వేల ముప్పై ఏడు. గుండ్రని అంకెలు వేస్తే నువ్వు తిప్పి పంపుతావని కలీనా గుర్తుచేసింది. అందుకని తోకల దాకా లెక్కపెట్టాను.

అసలు సంగతి ఆ ఫారాల్లో లేదు. నీకొక్కదానికే రాస్తున్నాను.

బాతులన్నీ గోధుమ చేల మీదికి ఎగిరిపోయాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో, సరస్సు అంతా గడ్డకట్టి ఉన్నా ఒకచోట మాత్రం బురద మెత్తగా ఉంది. అక్కడ పెద్ద ఉల్లంకులు పదకొండు మేస్తున్నాయి. వాటి మధ్య పన్నెండోది. మిగతా వాటికంటే చిన్నది, తెల్లనిది. ముక్కు వంపు తిరిగి, చివరికి వచ్చేసరికి సూదిలా సన్నబడింది. నేను ఏ పక్షి పేరు చెప్పబోతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. నలభై నిమిషాలు చూశాను. కెమెరా మీట చలికి బిగుసుకుపోయి కదల్లేదు. కలీనాని పిలుచుకొచ్చి టెలిస్కోపులో చూపించాను.

"చూశావా?"

"చూశాను. ముక్కుంది."

"ముక్కు సరే, ఇంకేం కనిపించింది?"

"ఇంకేం కనిపించాలి? ఇంట్లో బీన్స్ మాడుతున్నాయి, నే పోతున్నా."

నా సాక్షి ఈవిడే. కమిటీకి ఏం రాయాలో చెప్పు. అందాకా ఎవరికీ చెప్పకు. ఈ శీతాకాలం కూడా సరస్సుని వేటకి వల్చానే గుత్తకి తీసుకున్నాడు. వారానికి రెండు జీపుల నిండా విదేశీ వేటగాళ్ళు దిగుతున్నారు. పొద్దున బడిలో పాఠం చెబుతుంటే తుపాకుల చప్పుడుకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి.

నీ మరిది
ప్రోదాన్


సోఫియా
23 జనవరి 1996

ప్రోదాన్,

నీ ఉత్తరం మ్యూజియం మెట్ల మీదే చింపి చదివాను. లోపలికి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా మళ్ళీ చదివాను. వదినగా చెప్పాల్సింది ఇంతే. ఇక్కడి నుంచి రాసేది అరుదైన పక్షుల కమిటీ కార్యదర్శి. మూతి ముడుచుకోకు.

ఎంత దూరం నుంచి చూశావు? వెలుతురు ఎటు నుంచి పడుతోంది? డొక్కల మీద మచ్చలు గీతల్లా ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా? రెక్క ఎత్తినప్పుడు అడుగున తెలుపేనా, చారలున్నాయా? కూత విన్నావా? ఇవన్నీ అక్కడికక్కడే పుస్తకంలో రాసుకున్నావా, ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకున్నావా? మీ అన్నయ్య సరస్సు గట్టున నిలబడే రాసేవాడు, వేళ్ళు కొంకర్లు పోయినా సరే.

అధ్యక్షుడు డాక్టర్ తోమొవ్‌కి నీ మీద ఏమంత నమ్మకం లేదు. ఎనిమిదేళ్ళ కిందట నువ్వు గడ్డిమైదానాల గద్ద అని పంపింది చివరికి మామూలు తెల్లతోక గద్ద పిల్లని తేలడం ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంటాడు. ఈ దేశంలో ఈ పక్షిని రుజువుతో చూసి ఎన్నేళ్ళైందో నీకు తెలుసు. అసలు ఇది భూమ్మీద ఇంకా మిగిలి ఉందా అని అనుమానపడేవాళ్ళే ఎక్కువ. "కలీనా ముక్కు చూసింది" అని నేను కమిటీకి చెప్పలేను.

ఫారం పంపుతున్నాను. వెనక పటం ఉంది. చూసిన చోట గుర్తు పెట్టాలి. అది లేకపోతే ఫారం చెల్లదు. ఫోటో కావాలి.

నాకు నమ్మాలనే ఉంది. అందుకే ఇన్ని అడుగుతున్నాను.

నెవెనా


సివ్లిమాన్
1 ఫిబ్రవరి 1996

వదినా,

నూట ఎనభై మీటర్లు. వెలుతురు నా వీపు వెనక నుంచి. డొక్కల మీద మచ్చలు గుండ్రంగా, నల్లగా, కొన్ని హృదయాకారంలో. రెక్కల అడుగున మచ్చ లేని తెలుపు. కూత పెద్ద ఉల్లంకి కూతలాంటిదే కానీ పొట్టిగా, సన్నని గొంతుతో. అన్నీ గట్టు మీదే రాశాను. ఆ పేజీ చించి పంపుతున్నాను. బురద మరకలు కూడా ఉన్నాయి, తోమొవ్ గారు వాటిని కూడా పరీక్షించుకోవచ్చు.

పటం మీద మాత్రం గుర్తు పెట్టను.

కోపంతో కాదు. ఈ మంచులో ఆ పక్షి ఇంకెక్కడికీ పోలేదు. ఊట ఉండి నీళ్ళు గడ్డకట్టని చోటు సరస్సంతా కలిపి నాలుగు మంచాల మేర ఉంటుంది. గుర్తు పెట్టానంటే, పక్షిని తీసుకెళ్ళి బల్ల మీద పెట్టినట్టే.

నిన్న పొద్దున వల్చాన్ మా గేటు దగ్గర జీపు ఆపాడు. నా దగ్గర చదువుకున్నవాడే. చేతిలో అడవిపంది మాంసం పొట్లం.

"మాస్టారూ, ఇది అమ్మగారికివ్వండి. చలికి మంచిది."

"ఎందుకయ్యా ఇవన్నీ?"

"ఊరికే. రోజూ సరస్సు చుట్టూ తిరుగుతున్నారట గదా, మావాళ్ళు చెప్పారు. ఏం చూస్తున్నారు మాస్టారూ?"

"లెక్క రాసుకుంటున్నాను."

"లెక్క రెండు వారాల కిందటే అయిపోయిందన్నారే బజార్లో?"

వాడు నవ్వాడు. చిన్నప్పుడు ఎవరో ఒకళ్ళ సంచిలో కప్పని పెట్టి ఇలాగే నవ్వేవాడు. పొట్లం గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళిపోయాడు. కలీనా దాన్ని వండలేదు, పారేయనూ లేదు. వరండాలో గడ్డకట్టి పడుంది.

ఇంకో మాట. రాయకుండా ఉండలేను. నిన్నటి నుంచి అవి రెండు.

ప్రోదాన్


సోఫియా
8 ఫిబ్రవరి 1996

ప్రోదాన్,

రెండా! ఆ ముక్క చదివి పైకే అరిచేశాను. పక్క గదిలోంచి పిల్లెవరో వచ్చి "ఎవరైనా పోయారా?" అని అడిగింది.

నీ భయం నాకు అర్థమైంది. అయినా మొండిపట్టు వదలమని అడుగుతున్నాను. ఎందుకో విను. ఆ సరస్సు మీద ఉన్న వేల బాతుల పేరు చెప్పి వల్చాన్ తుపాకులు ఆపించడానికి మూడేళ్ళుగా తిరుగుతున్నాను. ఎవరూ వినలేదు. ఈ ఒక్క పక్షి అక్కడుందని కమిటీ ఒప్పుకుంటే మంత్రిత్వశాఖ వినకుండా ఉండలేదు. మనుషులొచ్చి చూసుకుని, అదే వారంలో వేట ఆపేస్తారు. బాతులు బతుకుతాయి, ఉల్లంకులు బతుకుతాయి. మనం చెప్పకుండా దాచితే వాటిని దాచినట్టు కాదు. ఏదో ఒక ఆదివారం ఎవడో ఒకడు చూడకుండానే పేల్చేస్తాడు, ఏం చంపాడో వాడికి తెలియను కూడా తెలియదు.

కమిటీ 24న కూర్చుంటుంది. మ్యూజియంలో ఉన్న పెద్ద లెన్సు కెమెరా వార్నా బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. చలికి బిగుసుకోకుండా కోటు లోపల పెట్టుకో. పటం మీద గుర్తు పెట్టి, విడిగా కవరులో, నా పేరు మీద పంపు. నా సొరుగు దాటి పోదు. నా మాట మీద నమ్మకముంటేనే పంపు.

మోకాలు సహకరిస్తే నేనే వచ్చేదాన్ని. మీ అన్నయ్య ఉంటే ఈపాటికి రైల్లో ఉండేవాడు.

నెవెనా


సివ్లిమాన్
16 ఫిబ్రవరి 1996

వదినా,

ఫిల్ము, పటం రెండూ పంపుతున్నాను. నీలం పెన్సిలుతో గుర్తు పెట్టాను. మూడు రోజులు పొద్దున్నే రెల్లులో బోర్లా పడుకుని తీశాను. ఒక్కదానిలోనైనా రెక్క అడుగు కనిపించాలి.

ఇక్కడ సంగతులు బాగాలేవు. సోమవారం బడి తెరవడానికి వెళ్తే తలుపు గడియకి ఎర్రమెడ బాతు వేలాడుతోంది. మెడ విరిచేశారు. కాలికి అట్టముక్క కట్టి, దాని మీద నల్లసిరాతో అంకె వేశారు. 1. అంతే. పిల్లలు వచ్చేలోపు విప్పి గొయ్యి తవ్వి పూడ్చాను. భూమి రాయిలా ఉంది. పార వంగిపోయింది.

మంగళవారం 2. నిన్న 3.

ఊళ్ళో ఎవరిని అడగను? సగం ఊరు వల్చాన్ వేట విడిదిలోనే పనిచేస్తోంది. ఆడవాళ్ళు వంటకి, మగవాళ్ళు బాతుల్ని లేపడానికి. కొట్లో కలీనా నిలబడితే మాటలు ఆగిపోతున్నాయట. రొట్టెలమ్మే ఆవిడ మాత్రం, చిల్లర ఇస్తూ తల వంచుకుని, "మాస్టారిని కొన్నాళ్ళు ఇంట్లో ఉండమనమ్మా, దగ్గొచ్చిందనో ఏదో చెప్పి" అందట.

నిన్న సాయంత్రం బడి వదిలేవేళకి వల్చాన్ మళ్ళీ కనిపించాడు. నేనే అడిగాను.

"బాతులకి అంకెలు వేసేది నువ్వేనా?"

"అయ్యో మాస్టారూ! నాకు లెక్కలు ఎక్కడొచ్చు? మీరే గదా తొంభై తొమ్మిది సార్లు చెప్పారు, నువ్వు లెక్కల్లో పనికిరావని." జీపు ఎక్కుతూ, "కానీ మీరు లెక్కపెడుతున్నారు గదా, మావాళ్ళూ సరదాకి మొదలెట్టారేమో" అన్నాడు.

కలీనాకి ఈ బాతుల సంగతి చెప్పలేదు. నువ్వూ రాయకు.

ఆ గుర్తు పెడుతున్నప్పుడు నా చేయి నాది కానట్టే అనిపించింది.

ప్రోదాన్


సోఫియా
26 ఫిబ్రవరి 1996

ప్రియమైన ప్రోదాన్,

ఒప్పుకున్నారు! ఏడుగురికి ఆరుగురు. పదిహేడో ఫోటోలో పక్షి రెక్క ఎత్తింది చూడు, అది తెర మీద పడగానే అందరూ కుర్చీలు ముందుకి లాక్కున్నారు. తోమొవ్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "మీ మరిది నన్ను ఓడించాడు నెవెనా" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు.

మార్చి 5 మంగళవారం మంత్రిత్వశాఖ నుంచి ఇద్దరు మీ ఊరు వస్తున్నారు. వాళ్ళు కంటితో చూసుకుంటే చాలు, వేట నిలిపేస్తూ ఉత్తర్వు వెంటనే. నువ్వే దగ్గరుండి చూపించాలి. అంతవరకూ సరస్సు వైపు వెళ్ళకు. ఊరికే అంటున్నాను. నువ్వు వెళ్తే నీ వెనక పదిమంది చూస్తారు గదా.

పటం నా సొరుగులోనే ఉంది. తాళం వేశాను.

కలీనాకి వెచ్చని చేతితొడుగులు కొన్నాను, ఈసారి పార్సెల్లో పంపుతాను. బడి తలుపు సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఇంకెంత, వారం రోజులు. అంతా సర్దుకుంటుంది, చూస్తుండు. ఈ ఉత్తరం నవ్వుతూ రాస్తున్నాను.

నీ వదిన
నెవెనా


వార్నా, ఆసుపత్రి
7 మార్చి 1996

నెవెనా గారికి,

ఇన్నేళ్ళూ అక్కా అని మొదలుపెట్టేదాన్ని. ఈసారి చేతికి ఆ మాట రావడం లేదు.

ప్రోదాన్ ఎడమకన్ను పోయింది. ముఖంలోంచి పదమూడు తుపాకి రవ్వలు తీశారు. ఇంకా రెండు ఉన్నాయట, వాటి జోలికి పోకపోవడమే మంచిదన్నారు. రాయలేడు. రాయమని నాతో చెప్పనూ లేదు. నేనే రాస్తున్నాను.

మీరు వెళ్ళొద్దని రాసిన ఉత్తరం శనివారం అందింది. ఆయన వెళ్ళేవాడు కాదు. ఆదివారం పొద్దున పొగమంచు కమ్మి ఉంది. ఆరుబయట కట్టెలు తెస్తుంటే సరస్సు ఉత్తరపు వైపు, ఎప్పుడూ ఎవరూ వేటాడని వైపు, రెండు జీపులు వెళ్ళడం చూశాను. వచ్చి చెప్పాను. నేనే చెప్పాను. ఆయన కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా పరుగెత్తాడు. వెనకే నేను.

ముందు ఒక్క తుపాకి పేలింది. ఆ తర్వాత ఆయన గొంతు. "ఆపండి! కాల్చకండి! మనిషిని!" అని అరుస్తూ బురదలోకి దిగాడు. రెండోది ఆ తర్వాతే పేలింది. నా చెవులతో విన్నాను. ఆయన అరిచాకే పేలింది. పోలీసులకి అదే చెబితే, "పొగమంచులో చప్పుడు ముందూ వెనకా అనిపిస్తుందమ్మా" అన్నారు.

మమ్మల్ని ఆసుపత్రికి తెచ్చింది ఎవరనుకున్నారు? వల్చానే. సివ్లిమాన్‌లో ఇంకే బండి ఉంది? వెనక సీట్లో ఆయన తల నా ఒళ్ళో. నా గౌనంతా తడిసిపోయింది. వాడు గంటన్నరసేపు దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు.

"కంగారు పడకమ్మా, వార్నాలో మంచి డాక్టర్లున్నారు. బాతులనుకున్నాం. మాస్టారు అక్కడుంటారని కలగన్నామా? ఖర్చంతా నాదే, మాస్టారు నాకు తండ్రిలాంటివాడు."

అప్పుడు చూశాను. ముందు అద్దం కింద ఒక కాగితం ఇరికించి ఉంది. యంత్రంలో తీసిన నకలు. సరస్సు పటం. ఉత్తరపు ఊట దగ్గర గుర్తు. పక్కన ప్రోదాన్ రాత. ఆయన 'ఊట' అని రాస్తే తోక ఎలా పొడుగ్గా లాగుతాడో నాకు తెలియదా? పటం చదవడం వల్చాన్‌కి నేర్పింది కూడా ఆయనే.

వాడు పెట్రోలు కోసం ఆగి దిగినప్పుడు దాన్ని తీసి జాకెట్టులో పెట్టుకున్నాను. కాగితం పైన ఎర్రసిరాతో 'రహస్యం' అని ఉంది. ఆ మాట మీ చేతిరాతలో ఉంది.

ఒక పక్షిని చంపి గోనెలో వేసుకుపోయారు. రెండోది సముద్రం వైపు ఎగిరిపోవడం నేను చూశాను. మంత్రిత్వశాఖవాళ్ళు మంగళవారం వచ్చారట. చూడ్డానికి అక్కడేముంది? పొగమంచుని చూసి భోంచేసి వెళ్ళారు. భోజనం వల్చాన్ విడిదిలోనే.

మీ సొరుగులో ఉందన్న కాగితం వాడి జీపులోకి ఎలా వచ్చింది? మీరు ఏం చెప్పినా వింటాను. కానీ అబద్ధం మాత్రం రాయకండి.

కలీనా


సోఫియా
13 మార్చి 1996

కలీనా,

అబద్ధం రాయను.

పటం నా సొరుగులో ఉందని రాశాను. అది నిజమే. కానీ దాని నకలు ఒకటి తోమొవ్‌కి నేనే ఇచ్చాను. సమావేశం మొదలవడానికి ముందు నన్ను నడవాలోకి పిలిచి, "చోటు తెలియకుండా నేను ఓటు వేయను, నేను వేయకపోతే నా వైపు ముగ్గురూ వేయరు" అన్నాడు. యంత్రం దగ్గర నిలబడ్డాను. మీట నొక్కాను. పైన 'రహస్యం' అని రాస్తే సరిపోతుందనుకున్నాను. తోమొవ్ శరదృతువులో వల్చాన్ విడిదిలో పది రోజులు అతిథిగా ఉండి వచ్చాడని మర్నాడు మ్యూజియంలో ఎవరో మాటల్లో అన్నారు. అప్పుడే ఆ నవ్వుతూ రాసిన ఉత్తరం రాశాను. సరస్సు వైపు వెళ్ళకు అని అందుకే రాశాను. ఎందుకో చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పి ఉంటే మీరు ఆ వారం ఊళ్ళోనే ఉండేవాళ్ళు కాదేమో. తంతి ఇచ్చినా సరిపోయేది. పోస్టాఫీసు మా వీధిలోనే ఉంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పదిహేడేళ్ళ కిందట స్టామెన్ ఇదే పక్షిని అదే సరస్సులో చూశాడు. నా భర్త, నా ముందు కూర్చుని, చేతులు తిప్పుతూ రెక్కలు చూపించాడు. కమిటీ ఫారం మీద 'ఆధారం చాలదు' అని రాసింది నేనే. భర్త గనక ఒప్పుకుందంటారని భయపడ్డాను. ఆ తర్వాత ఆయన ఏ అరుదైన పక్షినీ కమిటీకి పంపలేదు. ఇన్నేళ్ళకి ఆయన తమ్ముడి ఫారం చేతికొస్తే, ఎలాగైనా ఒప్పించి తీరాలనుకున్నాను. పక్షుల కోసమే అనుకున్నాను. అంతా దానికోసమే కాదు.

నీ దగ్గరున్న నకలు జాగ్రత్త. నేను శుక్రవారం వార్నా వస్తున్నాను. పోలీసులకి వాంగ్మూలం ఇస్తాను, నా పేరుతో, తోమొవ్ పేరుతో. ప్రోదాన్ నన్ను చూడనంటే ఆసుపత్రి బయట నుంచే వెళ్ళిపోతాను.

నెవెనా


సోఫియా
22 సెప్టెంబరు 1996

ప్రోదాన్,

ఇది నాలుగో ఉత్తరం. జవాబు కోసం కాదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

కేసు మూసేశారు. పొగమంచులో ప్రమాదం అని తేల్చారు. నకలు ఎవరు తీశారో తెలుసు గానీ ఎవరి నుంచి ఎవరికి చేరిందో రుజువు లేదట. తోమొవ్ తన నకలు రైల్లో పోయిందన్నాడు. ఆయన ఇంకా అధ్యక్షుడే. నేను కార్యదర్శి పని వదిలేశాను, వదిలేయమని వాళ్ళూ అన్నారు. మ్యూజియంలో ఇప్పుడు గుడ్ల పెంకులకి చీటీలు అంటిస్తున్నాను.

ఆసుపత్రిలో నీ మంచం పక్కన నిలబడితే నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. ఆ చెయ్యి ఏ అర్థంతో పట్టుకున్నావో ఇప్పటికీ నాకు తెలియదు.

నెవెనా


సివ్లిమాన్
20 జనవరి 1997

వదినా,

అక్షరాలు వరస తప్పితే ఏమనుకోకు. ఒంటికన్నుతో కాగితం ఎంత దూరంలో ఉందో ఇంకా అందడం లేదు. కలం ఒక్కోసారి గాలిలోనే రాస్తోంది.

చెయ్యి ఎందుకు పట్టుకున్నానంటే, కలీనా బయటికెళ్ళిన ఆ వేళ గదిలో తెలిసిన చెయ్యి అదొక్కటే. అప్పటికి కోపం ఉంది. వేసవి అంతా ఉంది. ఇప్పుడు వెతికితే కనిపించడం లేదు. అన్నయ్య ఉల్లంకి సంగతి నాకు ఎప్పుడో చెప్పాడు. "మీ వదిన సరిగ్గానే రాసింది, నా దగ్గర ఆధారం ఏముంది?" అన్నాడు. నువ్వు పదిహేడేళ్ళు మోసిన బరువు ఆయన ఒక్కరోజు కూడా మోయలేదు. ఇది నీకు ముందే రాయాల్సింది.

సరస్సు మీద వేట నిషిద్ధమని కిందటి ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. పక్షి చేయలేని పని నా కన్ను చేసింది. రెల్లు గట్టున రేకు బోర్డు పాతారు. పాతిన వారానికే దాని నిండా రవ్వల చిల్లులు. వల్చాన్ విడిది తెరిచే ఉంది, అతిథులు వస్తూనే ఉన్నారు, చేపలు పట్టడానికట. బజార్లో ఎదురైతే టోపీ తీసి, "ఎలా ఉన్నారు మాస్టారూ, కన్ను నొప్పి తగ్గిందా?" అని అందరికీ వినపడేలా అడుగుతాడు. తగ్గిందనే చెబుతాను. బడి తలుపుకి మాత్రం ఇప్పుడు ఏమీ కట్టడం లేదు.

నిన్న లెక్కింపు. కొత్త కార్యదర్శి ఫారాలు పంపాడు. అరుదైన పక్షి కనిపిస్తే ఫోటో, పటం మూడేసి నకళ్ళు జతచేయాలట. నేను గట్టు మీద కూర్చున్నాను, కలీనా అంకెలు రాసింది. బాతులు తొమ్మిది వేల పైన. నేను దక్షిణపు చివర ముగించేలోపు తను ఉత్తరపు ఊట చూసి వస్తానని టెలిస్కోపు భుజాన వేసుకుని వెళ్ళింది. ఈ ఏడాదిలో తను నేర్చుకున్నంత నేను ఇరవై ఏళ్ళలో నేర్చుకోలేదు. రెక్క కొట్టే తీరు చూసి పేరు చెబుతుంది.

గంట దాటింది. నేను ఇంటికి చేరి పొయ్యి రాజేశాక వచ్చింది. మోకాళ్ళ దాకా బురద.

"ఏం చూశావ్?"

"ఏమీ లేదు."

"ఇంతసేపూ?"

"ఏమీ లేదన్నానా? పెద్ద ఉల్లంకులు. తొమ్మిది. రాసుకో."

చారు గిన్నె బల్ల మీద పెడుతూ సగం ఒలికించింది. తుడవలేదు. నా ఎదురుగా కూర్చుని నా మంచికన్నులోకి సూటిగా చూసింది. మా ఇరవై రెండేళ్ళ కాపురంలో కలీనా నాకు అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి. నేను మళ్ళీ అడగలేదు. నువ్వూ అడగకు.

ఫారంలో పెద్ద ఉల్లంకులు తొమ్మిది అని రాశాను. అరుదైన పక్షుల గడిలో 'లేవు' అని రాసి, సంతకం పెట్టి, ఇవాళ పొద్దున పోస్టులో వేసి వచ్చాను.

ప్రోదాన్